పొడపత్రి షుగర్‌ని నిజంగా తగ్గిస్తుందా? ఆకు కోసిన దగ్గర్నుంచి మనుషులపై ట్రయల్ దాకా, పరీక్షించే పద్ధతి

పొడపత్రి (జిమ్నెమా సిల్వెస్ట్రే అనే ఔషధ తీగ) ఆకులు రెండు నోట్లో వేసుకుని బాగా నమిలి, రసం నాలుకంతా తగిలేలా తిప్పి ఊసేసి, ఆ తర్వాత చెంచాడు పంచదార వేసుకుని చూడండి. ఇసుక నమిలినట్టే ఉంటుంది, తీపి అన్నదే తెలియదు. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పట్టే గ్రాహకాలను కాసేపు పనిచేయనివ్వవు, అరగంటో గంటో గడిచాక మళ్లీ మామూలైపోతుంది. నోట్లో తీపిని చంపేది ఒంట్లో చక్కెరనూ చంపుతుందని మన వాళ్లు నమ్మడానికి సగం కారణం ఇదే. కానీ నాలుక మీద జరిగేది వేరు, రక్తంలో జరిగేది వేరు, రెండోదాన్ని విడిగా నిరూపించాలి.

ఎలా నిరూపించాలన్నదే ఈ గైడ్. ఎం.ఫార్మసీ, ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేస్తూ "మొక్కల సారం, మధుమేహం" టాపిక్ తీసుకున్నవాళ్ల కోసం రాస్తున్నాను. పొడపత్రిని ఉదాహరణగా తీసుకున్నా, నేరేడు గింజలకైనా, కాకరకైనా, తిప్పతీగకైనా దారి ఇదే. ఒక మాట ముందే చెప్పాలి: ఇది ల్యాబ్‌లో చేసే పని. ఇంట్లో అమ్మకో నాన్నకో వాడే మాత్రలు ఆపించి కషాయం పట్టి గ్లూకోమీటర్‌తో చూడటం పరీక్ష అనిపించుకోదు, అది ప్రాణాల మీదకు తెచ్చుకోవడం.

ఇంకో మాట కూడా. ఎలుకలో షుగర్ తగ్గినట్టు చూపించడం పెద్ద కష్టం కాదు, అలా చూపించిన పేపర్లు లెక్కలేనన్ని ఉన్నాయి. ఆ తగ్గుదల మొక్క వల్లే వచ్చిందని, అదీ మనిషి మింగగలిగే మోతాదులో వస్తుందని చూపించడమే కష్టం. కాబట్టి ప్రతి అడుగులోనూ "ఈ అంకె ఇంకో కారణం వల్ల వచ్చి ఉండొచ్చా?" అని అడుగుతూ పోదాం.

1. ముందు ప్రశ్న తేల్చుకోండి

మొక్క షుగర్‌ని తగ్గించడానికి చాలా దారులున్నాయి. అన్నంలోని పిండిపదార్థాన్ని గ్లూకోజ్‌గా విడగొట్టే ఎంజైమ్‌లను అడ్డుకోవచ్చు, పేగులోంచి గ్లూకోజ్ రక్తంలోకి పోకుండా ఆపొచ్చు, క్లోమంలోని బీటా కణాల చేత ఇన్సులిన్ విడుదల చేయించొచ్చు, కండరాలు గ్లూకోజ్‌ని ఎక్కువ తీసుకునేలా చేయొచ్చు, కాలేయం గ్లూకోజ్ తయారుచేయడాన్ని తగ్గించొచ్చు. మీ మొక్క ఏ దారిలో పనిచేస్తుందని మీ అనుమానమో ఒక్క వాక్యంలో రాసి పెట్టుకోండి, ఎందుకంటే ఏ ప్రయోగం చేయాలన్నది ఆ వాక్యమే చెబుతుంది.

ఉదాహరణకు, మీ సారం ఆల్ఫా గ్లూకోసైడేజ్ (పేగులో చక్కెరలను గ్లూకోజ్‌గా విడగొట్టేది) ఎంజైమ్‌ని అడ్డుకుంటుందని అనుకుందాం. అప్పుడు ఎలుకకు నేరుగా గ్లూకోజ్ తాగించి టాలరెన్స్ టెస్ట్ (తాగాక షుగర్ ఎంత పెరిగి ఎలా దిగుతుందో చూసే పరీక్ష) చేస్తే ఏమీ కనిపించదు, ఎందుకంటే గ్లూకోజ్‌ని విడగొట్టాల్సిన పనే లేదు. స్టార్చ్ గానీ సుక్రోజ్ గానీ తాగించి చూడాలి. రెండూ చేసి, స్టార్చ్‌తో తగ్గి గ్లూకోజ్‌తో తగ్గకపోతే మీ వాదనకు అంతకన్నా బలమైన ఆధారం ఉండదు. ఇంత సులువైన ప్రయోగాన్ని చాలా థీసిస్‌లలో అసలు చేయరు.

2. మొక్క అదేనా?

నల్లమలలో, శేషాచలం కొండల్లో పొడపత్రి తీగ దొరుకుతుంది. ఆకులు ఎదురెదురుగా జతగా ఉంటాయి, మెత్తటి నూగు ఉంటుంది, చిన్న పసుపు పూలు గుత్తులుగా పూస్తాయి. గుర్తుపట్టడం తేలికే కదా అని వదిలేయకండి. బజారులో "పొడపత్రి" అని అమ్మే ఎండు ఆకు పొడిలో ఏముందో చూసి చెప్పలేం. పువ్వుతోనో కాయతోనో ఉన్న కొమ్మను మీరే సేకరించి, యూనివర్సిటీ బోటనీ విభాగంలోని టాక్సానమిస్టుకు (మొక్కల్ని గుర్తించి వర్గీకరించే నిపుణుడికి) గానీ, హైదరాబాద్‌లో ఉన్న బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ ప్రాంతీయ కేంద్రానికి గానీ చూపించి నిర్ధారించుకోండి. నమూనాను హెర్బేరియంలో (ఎండు మొక్కల నమూనాలు భద్రపరిచే చోట) పెట్టించి వోచర్ నంబర్ తీసుకోండి. ఆ నంబర్ లేకపోతే, రేపు ఎవరైనా మీ ప్రయోగం మళ్లీ చేద్దామన్నా ఏ మొక్కతో చేయాలో తెలియదు.

సేకరించిన ఊరు, నెల, మొక్క ఏ దశలో ఉంది అన్నవి రాసుకోండి. వానాకాలం ఆకుకీ ఎండాకాలం ఆకుకీ లోపలి రసాయనాల పాళ్లు మారతాయి. కాబట్టి ప్రాజెక్టు మొత్తానికి సరిపడా ఆకు ఒకేసారి సేకరించి ఒకే బ్యాచ్‌గా ఉంచుకోవడం మేలు. అడవిలో సేకరించేటప్పుడు అటవీ శాఖ అనుమతి మర్చిపోవద్దు.

3. సారం తీయడం

ఆకును కడిగి, నీడలో గలగలలాడేదాకా ఆరబెట్టి, బరకగా పొడి కొట్టండి. పొడిలో కొవ్వు, పత్రహరితం ఎక్కువ కాబట్టి ముందు పెట్రోలియం ఈథర్‌తో వాటిని తీసేసి, తర్వాత 70 శాతం ఇథనాల్‌లో నానబెట్టి తీయడం పొడపత్రికి బాగా నప్పుతుంది. సాక్స్‌లెట్‌లో (వేడి ద్రావకంతో సారం తీసే గాజు పరికరంలో) త్వరగా అవుతుంది గానీ గంటల తరబడి వేడి తగులుతుంది. వేడికి ఏవి చెడతాయో తెలియనప్పుడు చల్లగా నానబెట్టడమే క్షేమం. జనం వాడేది నీళ్ల కషాయమైతే నీటి సారాన్ని కూడా పక్కన పెట్టి పరీక్షించండి, లేకపోతే మీరు పరీక్షించేది ఒకటి, జనం తాగేది ఇంకొకటి అవుతుంది.

వడకట్టిన ద్రావణాన్ని రోటరీ ఎవాపరేటర్‌లో 40 నుంచి 50 డిగ్రీల మధ్య ఆరబెట్టాలి. చివర్లో ముదురు రంగులో జిగటగా తారులా మిగిలేదే సారం. గాలిలో తేమను ఇట్టే పీల్చుకుంటుంది, డెసికేటర్‌లో (తేమ చేరని గాజు పాత్రలో) పెట్టకపోతే పొద్దున తూచిన బరువు సాయంత్రానికి ఉండదు. 100 గ్రాముల పొడికి 12 గ్రాముల సారం వస్తే దిగుబడి 12 శాతం. ఈ అంకెను జాగ్రత్తగా ఉంచుకోండి, డోసు దగ్గర దీనితో పని ఉంది.

తర్వాత సారంలో ఏముందో చూడాలి. నురగ పరీక్షతో సాపోనిన్లు (సబ్బులా నురగ వచ్చే పదార్థాలు), ఫెర్రిక్ క్లోరైడ్‌తో టానిన్లు (వగరు పదార్థాలు), డ్రాగెన్‌డార్ఫ్ రసాయనంతో ఆల్కలాయిడ్లు, ఇవన్నీ తొలి చూపుకు పనికొస్తాయి. అక్కడితో ఆగితే లాభం లేదు. పొడపత్రిలోని జిమ్నెమిక్ ఆమ్లాలు ఒక గుంపు కాబట్టి, సారాన్ని జలవిశ్లేషణ చేసి (నీటితో విడగొట్టి) వచ్చే వాటి మూల భాగం జిమ్నెమాజెనిన్‌ని హెచ్‌పీటీఎల్‌సీలోనో హెచ్‌పీఎల్‌సీలోనో (మిశ్రమంలోని రసాయనాలను వేరుచేసి కొలిచే పద్ధతులు) కొలిచి "ఈ సారంలో ఇంత శాతం ఉంది" అని చెప్పగలగాలి. అలాగే భార లోహాలు: సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 పీపీఎమ్‌కి (పది లక్షల్లో ఇన్ని భాగాలు) మించకూడదు. బజారులో కొన్న సారమైతే ఎవరైనా అందులో మెట్‌ఫార్మిన్‌నో గ్లిబెన్‌క్లమైడ్‌నో (ఇవి అల్లోపతి షుగర్ మందులు) కలిపారేమో ఎల్‌సీ-ఎంఎస్‌లో (రసాయనాలను వేరుచేసి బరువును బట్టి గుర్తుపట్టే యంత్రంలో) చూడండి. కలిపి అమ్మేవాళ్లున్నారు, వాళ్ల సరుకు ఎలుకలో అద్భుతంగా పనిచేస్తుంది మరి.

4. ఎంజైమ్ పరీక్షలు

ఆల్ఫా అమైలేజ్‌కి (పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైమ్) డీఎన్‌ఎస్‌ఏ అనే రంగు పద్ధతి, 540 నానోమీటర్ల దగ్గర రీడింగ్. ఆల్ఫా గ్లూకోసైడేజ్‌కి పీఎన్‌పీజీ అనే కృత్రిమ సబ్‌స్ట్రేట్ (ఎంజైమ్ విడగొట్టే పదార్థం), పీహెచ్ 6.8 ఫాస్ఫేట్ బఫర్, 37 డిగ్రీలు, సోడియం కార్బొనేట్‌తో ఆపి 405 దగ్గర రీడింగ్. పోలికకు అకార్బోజ్ (ఈ ఎంజైమ్‌లను అడ్డుకునే షుగర్ మందు). ఐదారు గాఢతల్లో చేసి ఐసీ50 (ఎంజైమ్ పనిని సగానికి తగ్గించే గాఢత) లెక్కగట్టాలి. పద్ధతి అందరికీ తెలిసిందే, జాగ్రత్త పడాల్సినవి మూడున్నాయి.

ఒకటి, రంగు. మీ సారం తానే గోధుమ రంగులో ఉంటుంది, 405 దగ్గర కాంతిని అదీ పీలుస్తుంది. ఎంజైమ్ లేకుండా సారం మాత్రమే ఉన్న బ్లాంక్‌ని ప్రతి గాఢతకూ విడిగా పెట్టి తీసివేయాలి.

రెండు, టానిన్లు. ఇవి ఏ ప్రొటీన్‌నైనా పట్టుకుని ముద్ద చేసేస్తాయి. అది ఎంజైమ్‌ని ప్రత్యేకంగా అడ్డుకోవడం కాదు. కొద్దిగా ట్రైటాన్ ఎక్స్-100 (సబ్బు లాంటి డిటర్జెంట్) కలిపి మళ్లీ చేసి చూడండి, టానిన్లు తీసేసిన సారంతో కూడా చేయండి. ప్రభావం మాయమైతే మీరు చూసింది టానిన్లనే.

మూడు, ఈస్ట్ ఎంజైమ్. చవగ్గా దొరుకుతుందని అందరూ ఈస్ట్ నుంచి తీసిన గ్లూకోసైడేజ్ వాడతారు. దాని మీద అకార్బోజ్ చాలా బలహీనంగా పనిచేస్తుంది. దాంతో "మా సారం అకార్బోజ్ కన్నా ఎన్నో రెట్లు మేలు" అనే రిజల్ట్ ఊరికే వచ్చేస్తుంది. ఎలుక పేగు నుంచి తీసిన ఎంజైమ్‌తో చేస్తే అసలు సంగతి తెలుస్తుంది.

5. కణాల మీద

ఇన్సులిన్ విడుదల కోసమైతే మిన్6, ఇన్స్-1 లాంటి ల్యాబ్‌లో పెంచే బీటా కణాలు, గ్లూకోజ్ వినియోగం కోసమైతే ఎల్6 కండర కణాలు. సారాన్ని కరిగించే ద్రావకం డీఎంఎస్‌వో 0.1 శాతం దాటనివ్వకండి, అదే మోతాదు డీఎంఎస్‌వో ఉండి సారం లేని కంట్రోల్ (పోలిక నమూనా) పెట్టండి.

ఇక్కడ పొడపత్రి చరిత్రలోనే ఒక మంచి పాఠం ఉంది. 1999లో లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు పొడపత్రి సారం ఇన్సులిన్ విడుదలను పెంచుతుందని చూశారు. అయితే కారణం వెతికితే తేలిందేమిటంటే, సారం బీటా కణాల పొరను చిల్లులు పడేలా చేస్తోంది, లోపలున్న ఇన్సులిన్ బయటికి కారిపోతోంది. సాపోనిన్లు చేసే పనే అది. వాళ్లు ఇన్సులిన్‌ని కొలిచే ఎలైసా పరీక్ష ఒక్కటే చేసి ఊరుకుని ఉంటే "అద్భుత ఔషధం" అని రాసేవాళ్లు. ట్రిపాన్ బ్లూ రంగు చచ్చిన కణాల్లోకే దూరుతుంది, ఆ పరీక్ష చేశారు కాబట్టి నిజం బయటపడింది. 2010లో అదే కాలేజీ నుంచి వచ్చిన మరో పనిలో, వేరే రకంగా తయారుచేసిన పొడపత్రి సారం కణాల పొరకు హాని చేయకుండానే మనిషి ఐలెట్లలో (క్లోమంలో బీటా కణాలుండే గుంపుల్లో) కూడా ఇన్సులిన్ విడుదల చేయించింది. మొక్క అదే, సారం వేరు, ఫలితం వేరు. మూడో అడుగులో సారంలో ఏది ఎంత శాతం ఉందో కొలవమని అంత గట్టిగా చెప్పింది ఇందుకే.

కాబట్టి ఇన్సులిన్ కొలిచిన ప్రతి గాఢత దగ్గరా ఎంటీటీ (కణాలు బతికున్నాయా అని చూసేది), ఎల్‌డీహెచ్ లీకేజీ (పొర చిరిగి లోపలి ఎంజైమ్ కారుతోందా అని చూసేది), ట్రిపాన్ బ్లూ కూడా చేయండి. సారం కడిగేశాక కణాలు మళ్లీ మామూలు స్థాయికి వస్తున్నాయా అన్నదీ చూడండి.

6. ఎలుకల దాకా వచ్చాక

అనుమతి లేకుండా ఒక్క ఎలుకను కూడా ముట్టుకోకూడదు. మీ సంస్థ జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ సీసీఎస్‌ఈఏ (పాత పేరు సీపీసీఎస్‌ఈఏ) దగ్గర రిజిస్టరై ఉండాలి, ఫారం బీ నింపి సంస్థలోని జంతు నైతిక సంఘం ముందు పెట్టాలి. ఎన్ని ఎలుకలు, ఎందుకు అన్ని, నొప్పి తగ్గించడానికి ఏం చేస్తారు, ఏ స్థితిలో ప్రయోగం ఆపేస్తారు అన్నవి అందులో రాయాలి. "గ్రూపుకి ఆరు" అని అలవాటుగా రాసేయకుండా శాంపిల్ సైజ్ లెక్క వేసి చూపించండి. తక్కువైతే ఆ జంతువులు ఊరికే చచ్చినట్టు, ఎక్కువైనా అంతే.

ముందు విషప్రభావం: ఓఈసీడీ 423 అనే అంతర్జాతీయ మార్గదర్శకం ప్రకారం ఒక్కో మెట్టుకు మూడు జంతువులు, 14 రోజుల పరిశీలన. చాలా ఆకు సారాలు కిలో బరువుకు 2000 మి.గ్రా. దగ్గర కూడా చంపవు. అక్కడినుంచి దానిలో పదోవంతు, ఐదోవంతు అని 200, 400 మి.గ్రా. డోసులు తీసుకోవడం మన దగ్గర ఆనవాయితీ అయిపోయింది. ఆ ఆనవాయితీని ఒక్కసారి లెక్కగట్టి చూద్దాం.

ఎలుక (ర్యాట్) డోసును మనిషికి మార్చాలంటే 6.2తో భాగించాలి. కిలోకు 400 మి.గ్రా. అంటే మనిషికి కిలోకు సుమారు 64.5 మి.గ్రా., 60 కిలోల మనిషికి రోజుకు దాదాపు 3.9 గ్రాముల సారం. దిగుబడి 12 శాతం కాబట్టి అది 32 గ్రాముల ఎండు ఆకు. రోజూ అంత ఎవరు మింగుతారు? 1990లో మద్రాసు విశ్వవిద్యాలయం వాళ్లు రోగులకు ఇచ్చింది రోజుకు 400 మి.గ్రా. సారం. దాన్ని ఎలుకకు తిప్పి లెక్కేస్తే కిలోకు 41 మి.గ్రా. దగ్గర ఆగుతుంది. సారాలు వేరు కావచ్చు, అయినా మీ డోసుల్లో కనీసం ఒకటి ఆ 40 దగ్గర ఉండాలి. అక్కడ పని చేయకుండా 400 దగ్గరే పని చేస్తే, ఆ మాట దాచకుండా రాయాలి.

*షుగర్ తెప్పించడం.* ఎక్కువమంది స్ట్రెప్టోజోటోసిన్, అంటే ఎస్‌టీజెడ్ వాడతారు. ఇది గ్లూట్-2 అనే ద్వారం గుండా బీటా కణంలోకి దూరి డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. మనకూ ప్రమాదమే, గ్లవ్స్, మాస్క్, ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి. పీహెచ్ 4.5 ఉన్న చల్లటి సిట్రేట్ బఫర్‌లో అప్పటికప్పుడు కలిపి, ఐసులో, ఫాయిల్ చుట్టి ఉంచి, పది పదిహేను నిమిషాల్లో ఎక్కించేయాలి, ఆలస్యమైతే మందు విచ్ఛిన్నమైపోతుంది. 250 గ్రాముల ఎలుకకు కిలోకు 50 మి.గ్రా. చొప్పున 12.5 మి.గ్రా., మి.లీ.కు 25 మి.గ్రా. ద్రావణం చేసుకుంటే అర మి.లీ. అందరికీ ఒకేసారి కలిపేసి వరసగా గుచ్చుకుంటూ పోతే చివరి ఎలుకలకు షుగర్ రాదు, అందుకే నాలుగైదింటికి సరిపడా మాత్రమే కలపండి. ఎక్కించాక బీటా కణాలు పగిలి ఒక్కసారిగా ఇన్సులిన్ బయటపడి షుగర్ పడిపోతుంది. ఆ రాత్రి తాగే నీళ్లలో గ్లూకోజ్ కలపకపోతే తెల్లారేసరికి కొన్ని చచ్చిపడి ఉంటాయి.

72 గంటలకు చూసి షుగర్ 250 దాటినవాటిని తీసుకుంటారు. నేనైతే ఒక వారం ఆగి మళ్లీ చూడమంటాను, ఎందుకంటే కొన్ని వాటంతటవే కోలుకుంటాయి. షుగర్ తెప్పించే మరో రసాయనం అలొక్సాన్‌తో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. కోలుకునే ఎలుక మీ సారం గ్రూపులో పడితే ఆ ఘనత మొక్కకు పోతుంది.

మోడల్ ఎంపిక కూడా మొదటి ప్రశ్నను బట్టే. పెద్ద డోసు ఎస్‌టీజెడ్ బీటా కణాలను దాదాపు తుడిచిపెట్టేస్తుంది, అది టైప్ 1కి దగ్గర. అందులో ఇన్సులిన్ విడుదల చేయించే సారాన్ని పరీక్షించడంలో అర్థం లేదు, పోలికకు గ్లిబెన్‌క్లమైడ్ పెట్టినా అదే సమస్య. టైప్ 2 కావాలంటే ముందు నికోటినమైడ్ ఇచ్చి తర్వాత ఎస్‌టీజెడ్ ఇవ్వడం ఒక దారి. ఇంకోటి మొహాలీలోని జాతీయ ఫార్మా విద్యా పరిశోధన సంస్థ నైపర్ వాళ్లు 2005లో ప్రచురించింది: రెండు వారాలు కొవ్వు ఎక్కువున్న మేత పెట్టి, ఆ తర్వాత కిలోకు 35 మి.గ్రా. ఎస్‌టీజెడ్. మన దగ్గర షుగర్ రోగుల్లో అత్యధికులు టైప్ 2 వాళ్లే కాబట్టి నేను దీన్నే ఎంచుకోమంటాను.

*గ్రూపులు.* ఆరోగ్యంగా ఉన్నవి, షుగర్ ఉండి మందు లేనివి, మెట్‌ఫార్మిన్ ఇచ్చినవి, సారం మూడు డోసులు, షుగర్ లేకుండా సారం మాత్రం ఇచ్చినవి. చివరిది చాలామంది వదిలేస్తారు, మామూలు వాళ్లలో షుగర్ మరీ పడిపోతుందా అన్నది తెలిసేది దానితోనే. పంజరంలో చేతికి ముందు దొరికినవి ఒక గ్రూపు, పరిగెత్తేవి ఇంకో గ్రూపు అన్నట్టు పంచొద్దు. మొదటి రోజు షుగర్ అంకెల ప్రకారం జతలు చేసి లాటరీ వేయండి. రీడింగ్ తీసేవాళ్లకు, స్లైడ్లు చూసే పాథాలజిస్టుకు ఏది ఏ గ్రూపో తెలియకూడదు.

సారాన్ని 0.5 శాతం సీఎంసీలో (చిక్కటి జిగురు ద్రావణం) కలిపి గావేజ్ సూదితో (నోటి గుండా నేరుగా కడుపులోకి పంపే గొట్టం) ఇవ్వండి, తాగే నీళ్లలో కలపొద్దు. పొడపత్రి విషయంలో ఇంకో చిక్కుంది: తీపి తెలియకపోతేనో, చేదుకు కడుపులో వికారం పుడితేనో ఎలుక మేత తగ్గించేస్తుంది, మేత తగ్గితే షుగరూ తగ్గుతుంది. రోజూ మేత తూచండి, నీళ్లు కొలవండి, బరువు రాయండి. సారం గ్రూపు తక్కువ తింటోందనిపిస్తే, అంతే మేత పెట్టిన ఇంకో కంట్రోల్ గ్రూపు కావాలి.

28 రోజులు నడిపితే ప్రతి వారం పరగడుపు షుగర్, చివర్లో టాలరెన్స్ టెస్ట్ (కిలోకు 2 గ్రాముల గ్లూకోజ్, 0, 30, 60, 90, 120 నిమిషాలు), సీరమ్ ఇన్సులిన్, లిపిడ్లు, కాలేయ గ్లైకోజెన్, క్లోమం స్లైడ్లు. కాలేయం, మూత్రపిండాల స్లైడ్లు కూడా తప్పక చేయించండి. మామూలు గ్లూకోమీటర్ 600 దాటితే అంకె చూపించదు, "హై" అని మాత్రమే చూపిస్తుంది. దాన్ని 600గా రాసేసుకుంటే లెక్కంతా పాడవుతుంది, ల్యాబ్‌లో ఎంజైమ్‌తో గ్లూకోజ్ కొలిచే జీవోడీ-పీవోడీ కిట్‌తో కొలవండి.

లెక్కల సంగతి: ఒకే ఎలుకను వారం వారం కొలుస్తున్నారు కాబట్టి రిపీటెడ్ మెజర్స్ (ఒకే జంతువు మీద పదేపదే తీసిన కొలతలకు వాడే గణాంక) పద్ధతి వాడాలి. ఎస్‌ఈఎమ్ (సగటు ఎంత కచ్చితమో చెప్పేది) కాకుండా ఎస్‌డీ (జంతువుల మధ్య తేడా ఎంతో చెప్పేది) రాయండి. చచ్చిన ఎలుకలను లెక్కలోంచి మాయం చేయకుండా ఏ గ్రూపులో ఎన్ని, ఎందుకు అన్నది చెప్పండి. రాసేటప్పుడు అరైవ్ 2.0 (జంతు ప్రయోగాల నివేదికలో ఏమేం ఉండాలో చెప్పే) చెక్‌లిస్ట్ పక్కన పెట్టుకుంటే చాలు.

7. మనుషులు

1990 నాటి ఆ మద్రాసు పనిలో టైప్ 2 రోగులు 22 మంది, తాము వాడుతున్న మందులతో పాటు 18 నుంచి 20 నెలలు సారం తీసుకున్నారు, ఐదుగురు మాత్రలు మానేయగలిగారు. ఆశ పుట్టించే ఫలితమే. కానీ లాటరీ వేసి పంచలేదు. ట్రయల్‌లో చేరిన మనిషి అన్నం తగ్గిస్తాడు, నడక మొదలుపెడతాడు, మందులు వేళకు వేసుకుంటాడు, పైగా షుగర్ బాగా పెరిగి భయం వేసినప్పుడే చేరతాడు, అది తర్వాత ఎలాగూ కొంత దిగుతుంది. ప్లసీబో (మందులా కనిపించే ఉత్తి మాత్ర) గ్రూపు, యాదృచ్ఛిక పంపిణీ లేకుండా వీటిని విడదీయలేం.

కాబట్టి మనుషుల దశ విద్యార్థి ఒక్కడు చేసేది కాదు. ఎండోక్రైనాలజిస్టు, రిజిస్టరైన ఎథిక్స్ కమిటీ, తెలుగులో రాసిన సమ్మతి పత్రం, మొదటి రోగిని చేర్చుకోకముందే సీటీఆర్‌ఐలో (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో) నమోదు, ఇవన్నీ ఉండాలి. సారాన్ని ఫైటోఫార్మాస్యూటికల్‌గా (మొక్క నుంచి శుద్ధి చేసిన ఆధునిక మందుగా) తీసుకెళ్తే 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు వర్తిస్తాయి, కనీసం నాలుగు రసాయనాలను గుర్తించి కొలిచిన శుద్ధ భాగం అయి ఉండాలి. ఆయుర్వేద మందుగా వెళ్లే దారి వేరు, దాని నిబంధనలు వేరు.

ప్లసీబో విషయంలో పొడపత్రి ప్రత్యేకంగా ఇబ్బంది పెడుతుంది. పొడి నాలుకకు తగిలితే తీపి పోతుంది, దాంతో ఎవరికి అసలు మందు వచ్చిందో వాళ్లకే తెలిసిపోతుంది. క్యాప్సూల్‌లోనే ఇవ్వాలి, విప్పి కలుపుకోవద్దని చెప్పాలి, చివర్లో "మీకు ఏది వచ్చిందనుకుంటున్నారు?" అని అడిగి నమోదు చేయాలి. కొలిచేది హెచ్‌బీఏ1సీ (ఎర్రకణాలకు అంటుకున్న చక్కెరను బట్టి గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష), కనీసం 12 వారాలు, ఎందుకంటే ఎర్రకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. పొడపత్రి తీసుకున్నాక కాలేయం దెబ్బతిన్న కేసు వైద్య సాహిత్యంలో ఉంది, కాబట్టి మొదట్లో, మధ్యలో, చివర్లో లివర్ టెస్టులు చేయాలి. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడుతున్నవాళ్లలో షుగర్ 70 కన్నా కిందికి పడే ప్రమాదం ఉంది. ఇంట్లో గ్లూకోమీటర్ ఇచ్చి, రాత్రయినా సరే ఎత్తే ఫోన్ నంబర్ ఒకటి ఇవ్వాలి.

8. చట్టం, పేటెంట్

1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూల్‌లో మధుమేహం ఉంది. షుగర్ నయం చేస్తుందని ప్రకటన ఇవ్వడం నేరం, మీ దగ్గర ఎంత మంచి ఎలుకల డేటా ఉన్నా సరే.

పేటెంట్ ఆలోచన ఉంటే ఒకటి తెలుసుకోండి: 1999లో అమెరికాలో నేరేడు, కాకర, పొడపత్రి, వంకాయ కలిపిన షుగర్ మిశ్రమానికి పేటెంట్ ఇచ్చారు, మన పెద్దలు ఎప్పటినుంచో వాడుతున్నవాటికి. సంప్రదాయ జ్ఞానాన్ని డిజిటల్ లైబ్రరీగా భద్రపరచాల్సిన అవసరాన్ని ఇలాంటివే చూపించాయి. మన పేటెంట్ చట్టం ప్రకారం సంప్రదాయ జ్ఞానానికి పేటెంట్ రాదు, కొత్తగా మీరు కనిపెట్టిన తయారీ పద్ధతికో, వేరుచేసిన భాగానికో రావచ్చు. జీవవైవిధ్య చట్టం కింద చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ దగ్గర జరగాల్సిన పని కూడా ఉంటుంది. దరఖాస్తు వేయకముందే పేపర్ ప్రచురించినా, థీసిస్ ఆన్‌లైన్‌లో పెట్టినా కొత్తదనం పోతుంది కాబట్టి ముందు దరఖాస్తు, తర్వాతే ప్రచురణ. పొడపత్రి గురించి మీకు చెప్పింది ఒక గూడెం పెద్దాయనో, నాటు వైద్యురాలో అయితే, వాళ్లకు రావాల్సిన వాటా గురించి రాష్ట్ర జీవవైవిధ్య మండలితో ఆ దరఖాస్తు వేసే ముందే మాట్లాడండి.